కుశలవార్తా నివేదనము

తల్లిదండ్రుల యెడ సంతానము నెరవేర్పవలసిన ధర్మములను మన శాస్త్రములు విపులముగా పేర్కొనినవి. తల్లిని దైవముగను, తండ్రిని దైవముగను భావింపుమని తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లి, విద్యాభ్యాసము ముగించిన శిష్యునకు ఉపదేశించుచున్నది. అన్నవస్త్రము లొసగుట, వ్యాధియందు పరిచర్య చేయుట, మాటను మన్నించుట, దేహాంతమున ఉత్తరక్రియలు జరుపుట - ఇవి యెల్లరు నెఱిగినవే. కాని సాధారణముగా ఈ పట్టికలో చేరని ధర్మ మొకటి కలదు. అది దూరమున నున్న తల్లికిగాని తండ్రికిగాని తన దినచర్యను తెలుపుట. పెరటి మల్లె మొగ్గ తొడిగినదనియు, వంటింటి కప్పు కారుచున్న చోట పెంకులు మార్పించితిమనియు, రైలులో కిటికీ ప్రక్కన చోటు దొరకినదనియు, త్రోవలో గోదావరి నిండుగా పారుచు కనబడినదనియు చెప్పుట. ఇది ధర్మమా? కేవలము కాలక్షేపమా? లేక మనస్సును సంసారమున బంధించు వ్యర్థప్రసంగమా? ప్రశ్న స్వల్పముగా తోచినను విచారింపదగినదే.

పూర్వపక్షము

ముందుగా పూర్వపక్షమును న్యాయముగా వినవలెను. అది రెండు తెఱగుల వచ్చుచున్నది. లౌకికుడు ఇట్లనును: "నెలనెల ధనము పంపుచున్నాను. జబ్బు చేసిన వైద్యుడు వచ్చునట్లు ఏర్పాటు గావించితిని. పెండ్లియో, పురుడో, బదిలీయో సంభవించినపుడు తెలుపుచునే యున్నాను. పొట్లపాదు కాసినదను మాటతో వృద్ధురాలైన తల్లికి ఏమి ప్రయోజనము? విశేషమేమియు లేనపుడు ఊరకుండుటయే మేలు." ముముక్షువునని తలంచువాడు మఱియొక విధముగా వాదించును: "ఏండ్లు మీరిన జననికి ఇక కావలసినది భగవన్నామస్మరణము. సంసారవార్తలను ఆమె చెవిని వేయుట, తెంపుకొనదగిన త్రాటికి మరల ముడి వేయుటయే గదా. రాజ్యమును త్యజించి వచ్చిన భరతుడంతటివాడు ఒక లేడిపిల్లపై మమకారము పెంచుకొని మరుజన్మమున లేడియై జన్మించెనని భాగవతము చెప్పుచున్నది. ఇంటి ముచ్చటలతో తల్లిని బంధించుట పుత్రధర్మ మెట్లగును?"

ఈ వాదములలో సత్యాంశము లేకపోలేదు. ధనము పంపుట ధర్మమే, మమకారము బంధమే. కాని చిన్న వార్తలో సారమేమియు లేదని ఇరువురును ముందుగనే నిశ్చయించుకొనిరి. ఆ నిశ్చయము ఎంతవరకు నిలుచునో మన ఇతిహాస పురాణముల వెలుగున పరిశీలింపవలయును.

ఇతిహాసముల సాక్ష్యము

శ్రీమద్రామాయణమున, అయోధ్యాకాండమునందు, సుమంత్రుడు సీతారామలక్ష్మణులను గంగాతీరమున విడిచి వట్టి రథముతో అయోధ్యకు మరలి వచ్చును. దశరథుడు మూర్ఛ తేరి అతనిని చేరబిలిచి అడిగిన ప్రశ్నలు గమనింపదగినవి. రాముడు చెట్టు నీడను ఎచ్చట నివసించుచున్నాడు? ఏమి భుజించుచున్నాడు? హంసతూలికాతల్పమున శయనింపదగినవాడు కటికనేలపై ఎట్లు పండుకొనుచున్నాడు? రాముని కూర్చుండుటను, నిద్రించుటను, భుజించుటను తనకు చెప్పుమనియు, ఆ మాటలచేతనే తాను జీవింతుననియు ఆ వృద్ధ నృపతి వేడుకొనెను. ప్రాణము పోవు ఘడియలలో నున్న తండ్రి కోరినది కుమారుని ధర్మనిష్ఠపై వ్యాఖ్యానము కాదు. ఆ నిష్ఠ ఆయన యెఱిగినదే. తనకు తెలియనిది కుమారుడు ఆ రాత్రి ఏమి తినెనను సంగతి.

మహాభారతమున ఉద్యోగపర్వమందును ఇట్టి సన్నివేశమే కలదు. శ్రీకృష్ణుడు సంధికార్యమై హస్తినాపురమునకు వచ్చి, విదురుని యింటనున్న కుంతీదేవిని దర్శించెను. పదుమూడేండ్లుగా కుమారుల ముఖము చూడని ఆ తల్లి, ఒక్కొక్కని పేరు చెప్పి, ఒక్కొక్కని స్వభావమును తలచుకొని, వారి కుశలమడిగెను. శంఖభేరీ నాదములతో, వీణావేణు రవములతో మేల్కొనుచుండిన బిడ్డలు అడవిలో క్రూరమృగముల యరపుల నడుమ ఎట్లు నిదురించిరోయని పరితపించెను. యుద్ధమా సంధియా యను మహావిషయము తలపైనుండగా, తల్లి మనస్సు బిడ్డల నిద్రను గూర్చి విచారించుచున్నది.

శ్రీమద్భాగవత దశమస్కంధమున ఉద్ధవుని వ్రేపల్లెకు పంపుచు కృష్ణుడు మొదట చెప్పినది తన తల్లిదండ్రులకు ప్రీతి గలిగింపుమనియే. నందుడు ఉద్ధవుని కూర్చుండబెట్టి అడిగినది మఱింత ముచ్చట గొల్పును. కృష్ణుడు తమ్ము తలచుచుండునా? తల్లిని, చెలికాండ్రను తలచుచుండునా? ఆవులను, బృందావనమును, ఆ కొండను తలచుచుండునా? యశోద అచ్చటనే కూర్చుండి, కుమారుని చరిత్రను వినుచు, కన్నీరు విడుచుచుండెను. మథురలో రాజకార్యములు నడుపుచున్నవానికి కొండయు గోవులును జ్ఞప్తియం దుండునాయని ఆ తండ్రి సంశయము. ఆ ప్రశ్నలో అభియోగము లేదు. ఆర్తి మాత్రమే యున్నది.

ఈ మూడు ఘట్టములను వ్రాసిన ఋషులు సంసారాసక్తులు కారు. అయినను వారు ఈ ప్రశ్నలను వ్యర్థములని తీసివేయలేదు.

చిన్న వార్తలోని సారము

మానవుడు తాను ప్రేమించువారిని సామాన్యరూపమున ప్రేమింపడు. తల్లికి బిడ్డ యనగా ఒక ఉద్యోగమో, ఒక జీతమో, ఒక బిరుదమో కాదు. ఆకలికి తాళలేనివాడు, వంకాయ యనిన ముఖము ముడుచువాడు, చలికాలమున దగ్గుచుండువాడు - ఆమె యెఱిగిన బిడ్డ వీడు. ఉద్యోగోన్నతి సంగతి వినినపుడు ఆమె సంతసించును. కాని ఆ సంతసము ఇరుగుపొరుగువారికిని చెప్పదగినది. తన కుమారుడు పరదేశమున తొట్టిలో మట్టి పోసి కరివేపమొక్క నాటెనని, అది మంచుకాలమున వాడి మరల చిగిర్చెనని వినినపుడు ఆమెకు కలుగునది వేఱు. ఆ వార్తలో కుమారుని చేయి కనబడును, వాని ఓర్పు కనబడును, తన వంటింటి వాసనను వాడు మరువలేదన్న విషయము కనబడును. ఇంత భారమును మోయగల మాటను చిన్నమాట యనుట తగదు.

వైరాగ్యవాది సందేహమునకును ఇచ్చటనే సమాధానము కలదు. వార్తలు అందకున్న తల్లి మనస్సు భగవంతునివైపు తిరుగునని అతడు తలంచుచున్నాడు. అనుభవము దీనికి విరుద్ధము. వార్త లేనిచోట ఊహ పుట్టును. ఊహకు హద్దు లేదు. జపమాల చేత నున్నను వ్రేళ్లు పూసలను త్రిప్పుచుండును గాని, మనస్సు, బిడ్డ ఏల పలుకలేదోయని పరదేశపు వీథులలో తిరుగుచుండును. "నిన్న సాయంకాలము వాన కురిసినది, చిక్కుడు పందిరి వేసితిమి, పిల్లవాని జ్వరము తగ్గినది, రాత్రి చారన్నము తిని నిద్రించినాడు" అను నాలుగు మాటలు వినిన తల్లి నిశ్చింతగా దీపము వెలిగించి కూర్చుండగలదు. మనస్సును బంధించునది తెలిసిన విషయము కాదు, తెలియని విషయము. కావున కుశలవార్త మోహమును పెంచునది కాక, శాంతికి త్రోవ చేయునది యగుచున్నది.

భరతుని లేడి కథయు దీనికి బాధకము గాదు. అతనిని బంధించినది లేడికి చేసిన ఉపకారము కాదు. నాది యను బుద్ధి. తల్లికి కుశలము తెలుపువానికి ఆ బుద్ధి పెరుగనక్కరలేదు. తన దినమును మఱొకరితో పంచుకొనునపుడు, అది తనకు మాత్రమే చెందినదను గర్వము కొంత సడలును.

సన్న్యాసుల హృదయము

సర్వమును త్యజించిన మహాత్ములు ఈ విషయమున ఎట్లు ప్రవర్తించిరో చూడవలెను. శ్రీశంకర భగవత్పాదులు సన్న్యసించుటకు ముందు, అంత్యకాలమున వచ్చెదనని తల్లికి మాట యిచ్చిరనియు, ఆ మాటను చెల్లించిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. శ్రీరామకృష్ణ పరమహంస 1868వ సంవత్సరమున మథురానాథునితో తీర్థయాత్రకు వెడలి బృందావనమును దర్శించిరి. అచ్చట గంగామాత యను వృద్ధ భక్తురాలి చెంత నిలిచిపోవలెనని ఆయన సంకల్పించిరి. అట్టి సమయమున దక్షిణేశ్వరమున నహబత్ఖానాలో నివసించుచున్న వృద్ధమాత చంద్రమణీదేవి జ్ఞప్తికి వచ్చినది. బృందావన వాసమును విడిచి ఆయన మరలి వచ్చిరి. 1876లో ఆ తల్లి దేహము చాలించువరకు ఆమె ఆయన సమీపముననే యుండెను. దక్షిణేశ్వరమున జపతపములు సలుపుచుండిన హాజ్రా యనువానికి, స్వగ్రామమున నున్న తల్లిని ఒకమారు పోయి చూచి రమ్మని ఆయన పలుమారు బోధించిరి. తల్లిని దుఃఖపెట్టి చేయు సాధన ఫలింపదని ఆయన భావము.

స్వామి వివేకానందుల జీవితమునను ఇదియే కనబడును. 1894వ సంవత్సరారంభమున ఆయన చికాగోలో నుండగా, జునాగఢ్ దివానుగా ప్రసిద్ధుడైన హరిదాస్ విహారీదాస్ దేశాయి కలకత్తాలో ఆయన తల్లిని, సోదరులను చూచి వచ్చి ఆ సంగతి వ్రాసెను. సర్వమత మహాసభ విజయము పొంది కొన్ని నెలలే గడచినవి. దేశమంతయు ఆయన కీర్తి వ్యాపించుచుండెను. ఆ కీర్తి కదలింపలేని చోటును ఈ చిన్న వార్త కదలించినది. తన హృదయమున మెత్తని తావు అదియొక్కటేయనియు, లోకమున తాను ప్రేమించునది ఎవరినైన కలదేని అది తన తల్లినేయనియు జనవరి 29వ తేదీ జాబులో ఆయన భావము వెల్లడించిరి. ఖేత్రి మహారాజు అజిత్ సింగు ఆ తల్లికి నెలకు నూరు రూపాయలు పంపుచుండెను. అయినను ధనముతో ఋణము తీరినదని స్వామీజీ తలపలేదు. 1901లో, శరీరము రోగగ్రస్తమై యున్నను, తల్లిని తూర్పు వంగదేశ, అస్సాం తీర్థములకు తామే వెంట గొనిపోయిరి. మరుసటి యేడు జూలై 4వ తేదీన ఆయన మహాసమాధి నందిరి.

సోదరి నివేదిత 1910 డిసెంబరు 11వ తేదీన అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమునుండి శ్రీశారదామాతకు ఒక జాబు వ్రాసెను. ఆనాటి యుదయము తాను ప్రార్థనాలయమునకు పోయిన సంగతి, వ్యాధిగ్రస్తురాలైన స్నేహితురాలి కొఱకు ప్రార్థించుట, అచ్చట అందరు మేరీమాతను తలచుచుండగా తనకు ఈ తల్లి జ్ఞప్తికి వచ్చుట - ఇవి ఆ జాబులోని వార్తలు. ఒక ఆదివారపు ఉదయమున జరిగిన సామాన్య విషయమే భక్తిగా పరిణమించినది.

సత్యము, ప్రియము

ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న ఎదురగును. క్షేమము లేనపుడు క్షేమమని వ్రాయవచ్చునా? ఉద్యోగము పోయినది, శస్త్రచికిత్స జరిగినది, దంపతులలో పొరపొచ్చెములు వచ్చినవి. దూరమున నున్న తల్లి తీర్పగలది లేదు, వినిన కృశించును. కావున "అంతయు బాగుగనే యున్నది" యని పలుకువారు పెక్కురు. ప్రేమచేతనే వారట్లు చేయుదురు. అయినను అది సరియేనా?

సత్యమును పలుకుమనియు, ప్రియముగా పలుకుమనియు, అప్రియమైన సత్యమును పలుకవలదనియు మనుస్మృతి చెప్పును. పెక్కురు అచ్చటనే ఆగుదురు. ప్రియమైనను అసత్యము పలుకవలదని దాని వెనువెంటనే చెప్పబడినది. ఈ రెంటి నడుమ నడచుటకు రామాయణమే మార్గము చూపుచున్నది. దశరథుడు మరణించిన పిదప భరతుని పిలిపించుటకు దూతలను పంపుచు, తండ్రి మరణమునుగాని, రాముని వనవాసమునుగాని అతనికి తెలుపవలదని వసిష్ఠుడు ఆదేశించెను. దూతలు అట్లే చేసిరి. కాని భరతుడు అంతకు ముందే దుస్స్వప్నము గాంచి కలత చెంది యుండెను. ఏడు రాత్రులు ప్రయాణము చేసి అయోధ్యను సమీపింపగనే, జనులు విహరించు ఉద్యానవనములు శూన్యములై యుండుట చూచి కీడు శంకించెను. ఎంత దాచినను ఉద్యానవనమే అతనికి వార్త చెప్పినది.

దీనినిబట్టి రెండు విషయములు తేటపడును. ఒంటరిగా సుదీర్ఘప్రయాణము చేయువానికి పిడుగువంటి వార్తను త్రోవలో చెప్పకుండుట దయ. ఓదార్చువారు చెంతనుండు వరకు దానిని నిలిపియుంచవచ్చును. కాని ఆ మౌనమునకు అవధి యుండవలెను. ఏండ్ల తరబడి కల్పిత సౌఖ్యమును వర్ణించుట అట్టిది కాదు. అది తల్లిని పసిబిడ్డగా నెంచుట. ప్రసవవేదనను, కరవును, వైధవ్యమును భరించి బిడ్డలను పెంచిన స్త్రీకి బిడ్డ ఉద్యోగము పోయిన సంగతి భరించు శక్తి లేదనుకొనుట ఆమెను తక్కువ చేయుటయే. పైగా ఆమె గ్రహింపకపోదు. గొంతులోని మార్పు, మాటల నడుమ విరామము, నిత్యము చెప్పు తోట ముచ్చట నేడు లేకుండుట - ఇవి ఆమెకు అయోధ్యా ఉద్యానములు. చెప్పువాడు తాను మొదట కుదుటపడి, కష్టమును, దానికి చేయుచున్న ప్రతిక్రియను కలిపి చెప్పవలెను. తన భయమును తల్లి తలపై దింపి తాను తేలికపడుట ఎంత తప్పో, ఆమెను పూర్తిగా వెలివేయుటయు అంత తప్పు.

సాధనముల సమృద్ధి

మన దేశమున తపాలా కార్డు 1879లో కాణీ ధరకు వచ్చినది. ఇన్లాండు లెటరు 1950లో వచ్చినది. అంతకు ముందే, 1860 నుండి చెరకుతోటల పనికై నెటాలునకు ఓడలెక్కినవారిలోను, పిమ్మట రంగూను రేవునకు పోయినవారిలోను తెలుగువారు అనేకులు. వ్రాయనేర్వని వారు ఒకరిచేత వ్రాయించి పంపినదానిని, చదువనేర్వని తల్లులు తపాలా జవానుచేత చదివించుకొని వినెడివారు. మనియార్డరు ఫారము అడుగున రెండు మూడు పంక్తులు వ్రాయుటకు చోటుండెడిది. రూపాయలు ఖర్చయిపోయిన పిదపను ఆ చిన్న కాగితపు తునకను పెట్టెలో దాచుకొన్న వృద్ధులు పెక్కురు. ఉభయకుశలోపరి యని మొదలిడి, అచ్చటి వానలు, పంటలు, ఆవు ఈనిన సంగతి అడిగి, పెద్దలకు నమస్కారములు, పిన్నలకు ఆశీస్సులు చెప్పి ముగించు ఆ ఉత్తరములలో చోటు తక్కువ; శ్రద్ధ యెక్కువ.

నేడు సాధనములకు కొదువ లేదు. న్యూయార్కునకును మన దేశమునకును తొమ్మిదిన్నర లేక పదిన్నర గంటల కాలభేదమున్నను, అచ్చటి కుమారుని ముఖమును ఇచ్చటి తల్లి క్షణములో చూడగలదు. ఇది మేలే. కాని సమృద్ధిలో ఒక దారిద్ర్యము దాగియున్నది. చూచుట సులభమైనపుడు చెప్పుట తగ్గినది. నూరుగురకు పంపిన ఛాయాచిత్రము తల్లికిని అందును. అయితే అది ఆమె కొఱకు పంపినది కాదు. "బాగున్నావా? బాగున్నాను. తిన్నావా? తిన్నాను" - ఇంతటితో సంభాషణ ముగియును. తండ్రి అడిగినపుడు చెవి ఇచ్చటను, కన్ను మఱియొక తెరపైనను ఉండును. లోపము యంత్రమున లేదు. కాణీ కార్డు వ్రాయువాడు కలము పట్టుటకు ముందు ఒక్క నిమిషము ఆగి, అమ్మకు ఏది చెప్పవలెనని ఆలోచించెడివాడు. ఆ ఒక్క నిమిషమే నేడు కఱవైనది. దానిని మరల తెచ్చుకొనుట మన చేతిలోనిదే.

చెప్పుటతోపాటు వినుటయు ధర్మమే. నందుడు ఆవులను, కొండను గూర్చి అడిగెనని చూచితిమి. ఇంటి వేపచెట్టు, దొడ్డి బావి, పొరుగింటి ముసలమ్మ, గుడిలో ఉత్సవము - వీనిని గూర్చి బిడ్డ అడిగినపుడు తల్లికి తన లోకము ఇంకను విలువ గలదియే యని తోచును. ఇక తల్లిదండ్రులకును ఒక నియమము కలదు. వినిన వార్తను విచారణగా మార్పరాదు; పొరుగువారి బిడ్డలతో పోల్చుటకు వాడుకొనరాదు. అట్లు చేసిన, బిడ్డ మరునాటినుండి చెప్పుట మానును.

నివేదనము

చివరకు ఈ విషయమునకును ఆధ్యాత్మికసాధనకును గల సంబంధము విచారింపదగినది. భక్తితో సమర్పించిన ఆకునైనను, పువ్వునైనను, పండునైనను, నీటినైనను స్వీకరింతునని భగవంతుడు గీత తొమ్మిదవ అధ్యాయమున పలికెను. ఈ నాలుగును పెరటిలో దొరకునవే. ఆ వెంటనే, ఏమి చేసినను, ఏమి తినినను, దానిని తనకే అర్పింపుమని ఆజ్ఞాపించెను. దశరథుడు అడిగినదియు ఇంచుమించు ఇదియే: నా కుమారుడు ఏమి తినెను, ఎచ్చట కూర్చుండెను? అడుగువాడు భగవంతుడైనను, కన్నతండ్రియైనను, ప్రేమ అడుగు ప్రశ్న ఒక్కటే.

దినమంతయు భగవంతునకు అర్పించుట కష్టసాధ్యమగు సాధన. కనబడని వానికి చెప్పుట అలవడదు. కనబడు దైవమునకు చెప్పుట దానికి తొలిమెట్టు. రాత్రి తల్లికి చెప్పవలసియున్నదను జ్ఞప్తి గలవాడు పగలు కన్నులు తెఱచి చూచును. మొక్కకు నీరు పోయునపుడు దాని చిగురును గమనించును. ప్రయాణమున నదిని, పొలమును, తోటి ప్రయాణికుని ముఖమును గమనించును. తల్లికి చెప్పుటకు సిగ్గుపడవలసిన పని చేయుటకు వెనుకాడును. ఇట్లు శ్రద్ధయు, సత్యమును, నిష్కాపట్యమును తెలియకయే అలవడును. తల్లి గతించిన పిదపను ఆ అలవాటు నశింపదు. చెప్పుకొనుటకు ఆమె లేనినాడు, అదే మాట, అదే చనువుతో జగన్మాత చెవిని సోకును.

కావున దూరమున తల్లిగాని తండ్రిగాని గలవారు, విశేషము లేదని ఊరకుండరాదు. విశేషము లేని దినమున కూడ సూర్యుడు ఉదయించెను, అన్నము ఉడికెను, ఒక మొగ్గ విచ్చెను. వానిలో ఒక్కదానిని శ్రద్ధతో ఏరి, ఆమె కొఱకే చెప్పినచో, అది పుష్పమువలె స్వీకరింపబడును.